న్యూట్రల్ ఎక్కడుంది బావా? 1981 బుల్లెట్టు, కొత్త బుల్లెట్టు, మధ్యలో ఒక పంటు

అందరికీ నమస్కారమండి. వెనకాల వినపడుతున్న హోరు మన బళ్ళది కాదు, మనుషుల్నీ బళ్ళనీ గోదారి దాటించే పంటు ఇంజనుది. నర్సాపురం రేవులో ఉన్నాం. ఎదురుగా కనపడేది సఖినేటిపల్లి ఒడ్డు, మధ్యలో వశిష్ఠ గోదావరి. పంటు నిండా మోటారు సైకిళ్ళు, అరటి గెలలు, పెళ్ళికి వెళ్తున్న ఒక కుటుంబం. వాటన్నిటి మధ్యా ఇరుక్కుని మన బుల్లెట్లు రెండు. నల్లది 1981 మోడల్, మా మావయ్యది. మెరూన్ రంగుది నిన్న పొద్దున షోరూమ్ నుంచి తెచ్చిన కొత్త బుల్లెట్ 350, స్టాండర్డ్.

ముందే చెప్పేస్తాను, తర్వాత కామెంట్లలో తిట్టుకోవద్దు. కొత్త బండి షోరూమ్ వాళ్ళు రెండు రోజులకి ఇచ్చారు. డబ్బులేమీ ఇవ్వలేదు. పెట్రోలు కూడా ఇవ్వలేదు, బంకు దాకా వెళ్తే చాలన్నట్టు పోసి పంపించారు. ఈ వీడియోకి డబ్బులిచ్చింది చెయిన్‌కి కొట్టే స్ప్రే కంపెనీ ఒకటి. వాళ్ళ డబ్బా గురించి నలభై సెకన్లు మాట్లాడతానని ఒప్పుకున్నాను, మాట్లాడతాను. మావయ్య మాత్రం బండి ఇచ్చినందుకు నా దగ్గర పైసా తీసుకోలేదు. తీసుకోకపోగా పొద్దున్నే పెసరట్టు పెట్టించి, "గేర్లు కుడివైపు, మర్చిపోకు" అని మూడుసార్లు చెప్పి పంపించాడు. మర్చిపోయాను. ఆ కథ కాసేపట్లో వస్తుంది.

స్పెక్సు మీరు ఎక్కడో చూసే ఉంటారు కాబట్టి ఒక్క ఊపిరిలో అయిపోగొడతాను. పాతది 346 సీసీ, నాలుగు గేర్లు, 18 హార్స్‌పవర్. కొత్తది 349 సీసీ, ఐదు గేర్లు, 20.2 హార్స్‌పవర్. 2023 సెప్టెంబరులో వచ్చింది. అంటే నలభై రెండేళ్ళలో పెరిగింది రెండు గుర్రాలు! ఏడాదికి గుర్రం తోక కూడా పెరగలేదు.

నిజానికి మనకి ఆ రెండు గుర్రాలతో పనేముంది చెప్పండి? ధవళేశ్వరం దాటి కిందికొచ్చాక నేలంతా చాప పరిచినట్టే. మనకి ఎత్తంటే కాలవ గట్టు, లేకపోతే వంతెన. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది, కాలవలు పారాయి, ఆ గట్ల మీదే తర్వాత మన రోడ్లు పడ్డాయి. నీళ్ళు ఎలా మళ్ళితే రోడ్డు అలా మళ్ళుతుంది. ఓ కిలోమీటరు వెళ్తే లాకులు, ఇంకో కిలోమీటరు వెళ్తే గేదెల మంద, తర్వాత కొబ్బరికాయల ట్రాక్టరు, ఆ తర్వాత రోడ్డు సగం వరకూ ఆరబోసిన ధాన్యం. ఇక్కడ బండి ఎంత స్పీడు వెళ్తుందని కాదండీ చూడాల్సింది, ఎన్నిసార్లు ఆగి ఎంత హాయిగా నిలబడుతుందో చూడాలి.

అందుకే ఈ రోజు నేను మాట్లాడబోయేది న్యూట్రల్ గురించి, అంటే బండి ఏ గేరులోనూ లేకుండా నిలబడే చోటు గురించి.

నవ్వకండి. పాత బుల్లెట్టు కుడివైపు చూపిస్తాను, బావా కెమెరా కిందికి దించు. ఇది గేర్ లివర్. దీని వెనకాల ఇంకో చిన్న లివర్ ఉంది చూశారా, అరిగిపోయి మెరుస్తున్నది? ఇదే న్యూట్రల్ ఫైండర్. పాత నాలుగు గేర్ల బుల్లెట్లకి ఇది ఉండేది. మీరు నాలుగో గేరులో వస్తున్నారు, ఎదురుగా లాకుల దగ్గర లారీ అడ్డం తిరిగింది. బ్రేకు వేసి ఆగారు. ఇప్పుడు నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు అని మెట్లు దిగక్కర్లేదు. క్లచ్ పట్టుకుని మడమతో దీన్ని ఒక్క నొక్కు నొక్కితే నేరుగా న్యూట్రల్. నాలుగులో ఉన్నా, మూడులో ఉన్నా, రెండులో ఉన్నా అంతే. చెయ్యి వదిలేసి చుట్ట వెలిగించుకోవచ్చు. మావయ్య ఒకప్పుడు అదే చేసేవాడు.

ఒక్క మొదటి గేరులో మాత్రం ఇది పని చెయ్యదు. దానికి మావయ్య దగ్గర ఒక కిటుకు ఉంది. పాతదానికి మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. పంటు ఎక్కేటప్పుడు ఎలాగూ మొదటి గేరులోనే ఎక్కాలి కదా. చెక్క మీదికి చక్రం రాగానే ముని వేళ్ళతో కిందికి నొక్కి రెండో గేరు వేస్తాడు, వెంటనే అదే కాలి మడమతో ఫైండర్ నొక్కుతాడు. టక్, టుక్. ముందు బండికి జానెడు దూరంలో ఆగి, చల్లగా దిగి స్టాండు వేస్తాడు. చిన్నప్పుడు నేను ట్యాంకు మీద కూర్చుని ఆ రెండు చప్పుళ్ళ కోసం ఎదురు చూసేవాణ్ణి. అప్పట్లో అంతర్వేది కళ్యాణానికి, భీష్మ ఏకాదశికి, ఈ రేవులో ఇసకేస్తే రాలనంత జనం. అంత తోపులాటలో కూడా ఆ టక్, టుక్ నాకు వినపడేది.

ఇప్పుడు కొత్తదాని సంగతి. నిన్న ఇదే పంటు మీదికి కొత్త బండి ఎక్కించాను. మొదటి గేరులో ఎక్కాను, ఆగాను. న్యూట్రల్ కోసం ముని వేళ్ళతో సగం మెట్టు పైకి లేపాను. రెండో గేరు పడింది. కిందికి నొక్కాను, మొదటి గేరు. మళ్ళీ లేపాను, రెండు. వెనకాల ఒకాయన తలమీద చేపల తట్టతో నిలబడి, "ఏంటి బాబూ, దిగుతావా, అట్లతద్ది ఉయ్యాల ఊగుతావా?" అన్నాడు. న్యూట్రల్ పడిందని చెప్పే ఆకుపచ్చ లైటు వెలిగేసరికి నా చొక్కా తడిసిపోయింది.

తప్పు దీనొక్కదానిదే అనట్లేదండి. ఈ రోజుల్లో చాలా బళ్ళకి న్యూట్రల్ మొదటికీ రెండోదానికీ మధ్య సందులోనే ఉంటుంది, చాలామందిమి అలాగే వెతుక్కుంటున్నాం. పైగా నావి తడి బూట్లు. ఈ బండి గేర్‌బాక్సు నిజానికి చాలా మెత్తగా ఉంది, వెన్నలో వేలు పెట్టినట్టు. మా బావకి మొదటిసారే న్యూట్రల్ పడింది, వాడు అది పదిసార్లు చెప్పుకున్నాడు కూడా. నా బాధ వేరు. ఇంత మంచి సదుపాయం ఒకప్పుడు ఇదే పేరున్న బండికి ఉండేది. ముందు రెండు చిన్న పైలట్ లైట్లు, పులి కళ్ళు అంటామే, అవి ఉంచారు. ట్యాంకు ఆకారం అదే, పేరు అదే. చూడ్డానికి ఉన్నవన్నీ దాచుకుని, కాలికి సుఖమిచ్చేదాన్ని వదిలేశారు. దీని మీద నేను ఇంకో అరగంట మాట్లాడగలను, బావ వద్దంటున్నాడు.

సరే, ఆ మర్చిపోయిన కథ. నిన్నంతా కొత్త బండి మీద తిరిగి, ఈ రోజు పొద్దున పాలకొల్లు నుంచి నర్సాపురం వస్తూ పాతది ఎక్కాను. కొత్తదానికి కుడికాలు కింద బ్రేకు. పాతదానికి కుడికాలు కింద గేరు, బ్రేకేమో ఎడమవైపు. దాళ్వా కోతలు, అంటే రెండో పంట కోతలు, అయ్యాయి కదా, రోడ్డు మీద ధాన్యం పరిచి అంచున రాళ్ళు పెట్టారు. నేను మూడో గేరులో నలభై మీద వస్తున్నాను. కాలవలోంచి ఒక గేదె ఒళ్ళు దులుపుకుంటూ పైకొచ్చింది. కుడికాలు గట్టిగా తొక్కాను. బ్రేకు అనుకుని తొక్కితే నాలుగో గేరు పడింది! బండి ఏమీ జరగనట్టు, ఇంకా హాయిగా ముందుకు పోతోంది. గేదె నా వంక చూసింది, నేను గేదె వంక చూశాను. చేతి బ్రేకు పట్టుకుని పక్కకి తిప్పాను, ముందు చక్రం ధాన్యంలో దిగబడింది. అక్కడ కాపలా ఉన్నావిడ, "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావయ్యా, పండిన గింజ మీదికి బండెక్కిస్తావా?" అని పరకతో లేచింది. బండి పక్కన పెట్టి, చెదిరిన గింజలన్నీ నా చేత్తోనే దగ్గరికి ఎత్తాను. బావ అదంతా షూట్ చేశాడు, సాయం మాత్రం చెయ్యలేదు.

కాబట్టి ఇంట్లో రెండు రకాల బళ్ళు ఉన్నవాళ్ళకి ఒక మాట. ఒకదాని మీంచి దిగి వెంటనే రెండోది ఎక్కకండి. ఎక్కితే ముందు ఖాళీ రోడ్డు మీద ఓ పది నిమిషాలు తిరిగి రండి. కాలికి మెదడు వేరేగా ఉంటుంది, దానికి ఆలస్యంగా తెలుస్తుంది.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తాను. ఇక్కడ వాదన లేదు. కొత్తదానికి ముందూ వెనకా డిస్కు బ్రేకులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్. పాతదానికి రెండూ డ్రమ్ములు. తడిసిన గడ్డి మీద, బంకమట్టి మీద కొత్తది నిలబడ్డట్టు పాతది నిలబడదు. పొద్దున నా కింద ఉన్నది కొత్తదైతే ఆ గింజలు ఎత్తే పని ఉండేది కాదు. హెడ్‌లైటు కూడా అంతే, పాతది ఆరు వోల్టులు, రాత్రి ఎదురుగా వచ్చేవాడికి మనం ఉన్నామని తెలియడానికే తప్ప మనకి రోడ్డు కనపడ్డానికి కాదు.

ఇప్పుడు స్పాన్సర్ గారి నలభై సెకన్లు. ఇదిగోండి డబ్బా. అంతర్వేది దగ్గర అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు వెళ్ళారంటే ఉప్పుగాలి, ఇసక. రెండూ చెయిన్‌కి శత్రువులే. ముందు చెయిన్ తుడిచి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ లోపలివైపు కొట్టాలి, పైపైన కాదు. కొట్టిన వెంటనే బయల్దేరితే అదంతా ప్యాంటు మీదికే వస్తుంది, కాసేపు ఆరనివ్వండి. వాసన బాగానే ఉంది, పనిచేస్తోంది. మా మావయ్య ఏం వాడతాడని అడిగారనుకోండి, ఇంజన్ లోంచి తీసిన పాత ఆయిలు, కోడి ఈక. అయిపోయాయండి నలభై సెకన్లు.

కిక్కు గురించి అడుగుతారని తెలుసు. పాతదాన్ని స్టార్ట్ చెయ్యడం ఒక పూజ. తాళం తిప్పి, కిక్ రాడ్ మెల్లగా నొక్కుతూ, బ్యాటరీ కరెంటు చూపించే యాంప్‌మీటర్ ముల్లు చూడాలి. ముల్లు ఎడమకి వాలి మధ్యకి వచ్చినప్పుడు ఆగి, ఎడమచేతి దగ్గరున్న డీకంప్రెషన్ లివర్, అంటే ఇంజన్ లోపలి ఒత్తిడి వదిలేది, పట్టుకుని ఇంకొంచెం కిందికి నొక్కి, వదిలేసి, రాడ్ పైకి రానిచ్చి, అప్పుడు నిండుగా ఒక్కటే కిక్కు. తొందరపడితే వెనక్కి తంతుంది. మావయ్య మోకాలు ఇప్పుడు మడవట్లేదంటే వయసు ఒకటే కారణం కాదు.

కొత్తదానికి కిక్కే లేదు, బటన్ ఒకటే. నొక్కగానే స్టార్ట్. బాగానే ఉంది. నా భయం వేరు. నా దగ్గర ఇంతకుముందు ఒక బండి ఉండేది, కంపెనీ పేరు చెప్పను, దానికీ కిక్కు లేదు. ఒక తుఫానుకి మా ఊళ్ళో వారం రోజులు కరెంటు లేదు, బండి వసారాలో తడిసింది, బ్యాటరీ చచ్చిపోయింది. రొయ్యల చెరువు దగ్గర నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల జనరేటర్‌కి డీజిల్ పట్టుకెళ్ళాలి, రాత్రి పదకొండు. అందరం కలిసి గట్టు మీద తోశాం, తోశాం, తోశాం. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి పంపు తిరగాలన్నా కరెంటు కావాలి, బ్యాటరీ పూర్తిగా పోతే తోసినా ప్రయోజనం ఉండదని ఆ రాత్రే నేర్చుకున్నాను. చివరికి డీజిల్ డబ్బాలు వెళ్ళింది దేని మీద? ఈ నల్ల బుల్లెట్టు మీదే. మావయ్య అర్ధరాత్రి లుంగీతో వచ్చి, టార్చిలైటు వెలుగులో ముల్లు చూసుకుని, ఒక్క కిక్కు కొట్టాడు. అందుకని కిక్కు లేని బండి చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో టెన్షనే. ఈ కొత్తదాని తప్పేమీ లేదు, రెండు రోజుల్లో ఒక్కసారి కూడా మొరాయించలేదు. దెబ్బ తిన్నవాణ్ణి నేను.

నడపడం ఎలా ఉందంటారా. రెండూ నలభై దగ్గరే బాగుంటాయి. పాతదానికి నలభైలో ఒక్కో ఫైరింగు లెక్కపెట్టచ్చు, వరి దంచుతున్న రోకలి పోటులా పడుతుంది. డెబ్బై దాటించామంటే అద్దంలో వెనకున్న లారీ రెండు లారీలవుతుంది. కొత్తదానికి లోపల అదురు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది, అద్దంలో లారీ ఒక్కటే కనపడుతుంది. దిండి దాటి చించినాడ వంతెన మీద తీసుకెళ్ళి చూశాను, గాలి తప్ప ఇంకేమీ కొట్టలేదు. 195 కిలోల బరువు, గాలికి చెదరదు. అత్తయ్యని వెనక కూర్చోబెట్టుకుని పాలకొల్లు సంతకి వెళ్ళొచ్చాను. ముప్ఫై ఏళ్ళు పాతదాని వెనక కూర్చున్న మనిషి. దిగి నడుం పట్టుకోకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. "ఇది కొనుక్కోండి" అని లోపల్నుంచి మావయ్యకి వినపడేలా అంది. మావయ్య పేపరు తిరగేశాడు.

మైలేజీ కోసం అడిగేవాళ్ళకి: మేం పోసిన పెట్రోలుకి, తిరిగిన తిరుగుడికి లెక్క కుదర్లేదు, అబద్ధం చెప్పను.

రిపేర్ల విషయంలో మాత్రం పాతదాని అందం వేరండి. ఇంజన్ వాల్వులని కదిపే టాపెట్లు సరిచెయ్యాలంటే కుడివైపు మూత ఒక్కటి విప్పితే చాలు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు లోపలున్న కడ్డీ, అంటే పుష్‌రాడ్ వేళ్ళతో తిప్పి చూడాలి. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అంతే, గేజీ అక్కర్లేదు. మావయ్య నాకు పదో తరగతిలో నేర్పించాడు, లెక్కల కంటే ముందు ఇదే వచ్చింది. కొత్తదానికి ఏదన్నా అయితే షోరూమ్ వాళ్ళు ముందు స్కానర్ పెడతారు. నేను వేలు పెట్టడానికి చోటు లేదు.

నిన్న సాయంత్రం మావయ్యని కొత్తది ఎక్కమన్నాం. వద్దు వద్దంటూనే ఎక్కాడు. బటన్ నొక్కాడు, ఎడమకాలితో మెల్లగా గేరు వేశాడు, లాకుల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. మొహంలో ఏమీ తెలియలేదు. వాకిట్లో ఆగాడు, రెండో గేరులోనే ఉంది. క్లచ్ పట్టుకునే ఉన్నాడు. కుడికాలి మడమ ఒకసారి వెనక్కి వెళ్ళి ఏదో వెతికింది. మళ్ళీ వెతికింది. అక్కడేమీ లేదు. తాళం తిప్పి ఇంజన్ ఆపేసి, గేరులో ఉండగానే దిగిపోయాడు. "ఎలా ఉంది మావయ్యా?" అన్నాను. "బానే ఉందిరా, బ్రేకులు బావున్నాయి. నిలబడ్డమే తెలీట్లేదు దానికి" అన్నాడు.

సరే, ఏది కొనాలి? ఇల్లూ, పిల్లలూ, రోజూ భీమవరం వెళ్ళొచ్చే ఉద్యోగం ఉన్నవాళ్ళు కొత్తదే కొనుక్కోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఇది 349 కాబట్టి ఆ లోపలే ఉంది. పాతది కొనాలని మనసైతే ముందు మూడు చూసుకోండి: దగ్గర్లో పాత బుల్లెట్టు మెకానిక్ ఉన్నాడా, ఆర్‌సీ రెన్యువల్ అయ్యిందా, మీ మోకాలు బాగుందా. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. కాగితాలు తర్వాత ఇస్తానన్నవాడికి డబ్బులు కూడా తర్వాతే ఇవ్వండి.

నా ఓటు అడిగితే పాతదానికే. బ్రేకుల్లో ఓడిపోయింది, లైటులో ఓడిపోయింది, అత్తయ్య నడుం దగ్గర ఘోరంగా ఓడిపోయింది. అయినా సరే, ఆ మడమ కింద చిన్న లివర్ కోసం నేను అన్నీ మాఫీ చేసేస్తాను. ఇది న్యాయమైన రివ్యూ కాదని నాకూ తెలుసు. కొత్తదానికి ఎవరైనా ఒక న్యూట్రల్ ఫైండర్, ఒక కిక్ రాడ్ బిగించి చూపిస్తే, అదే రోజు వీడియో తీసి మాట మార్చుకుంటాను.

మావయ్యని అడిగాను కూడా, ఈ బండి నాకు ఇచ్చెయ్యకూడదా అని. "పొద్దున ధాన్యంలోకి పోనిచ్చావంట కదా" అన్నాడు. ఆవిడ అప్పుడే ఫోన్ చేసి చెప్పేసిందంట, మా అత్తయ్యకి దూరపు చుట్టం.

పంటు ఒడ్డుకొచ్చింది. షోరూమ్ నుంచి ఇది మూడో కాల్, ఐదింటికల్లా బండి అప్పజెప్పాలి. బావా, కెమెరా ఆపి కొత్తది నువ్వు దించు, నేను పాతది దించుతాను. ఉండుండు, బ్రేకు ఎడమకాలికి కదా?